పథకం రాకపోయి ఉంటే ఏమయ్యేది? ఎకనామిక్స్ ప్రొఫెసర్ కావాలనుకునే కనిగిరి అమ్మాయికి

అమ్మా, మిగతావాళ్లకూ తెలియడానికి మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. మీది కనిగిరి దగ్గర పల్లె. నాన్నగారు ఇళ్లు కట్టే బేల్దారి పనికి బెంగళూరు వెళ్తారు. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు నెల్లూరులో ఎం.ఏ. ఎకనామిక్స్ మొదటి సంవత్సరం. ప్రభుత్వ పథకాల వల్ల పేదవాళ్ల బతుకు నిజంగా మారుతోందా అన్నదాని మీద పరిశోధన చేసే ప్రొఫెసర్ కావాలని మీ కోరిక. ఇంట్లోవాళ్లేమో గ్రూప్-2 రాయమంటున్నారు. ఎన్నేళ్లు పడుతుంది, జీతమెంత, లెక్కలు అంతంతమాత్రమైతే కుదురుతుందా, అసలు ఆ ఉద్యోగంలో చేసే పనేంటి అని అడిగారు.

నేను పొదిలి వైపు వాణ్ణి. ఇదే పని చేసి రిటైరయ్యాను. మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఆ పని మీకు నచ్చకపోతే మిగతా మూడింటితో అవసరం ఉండదు.

ఈ వృత్తి మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఆ పథకం రాకపోయి ఉంటే ఈ మనుషులు ఎలా ఉండేవాళ్లు? పథకం వచ్చాక ఎలా ఉన్నారో ఎవరైనా వెళ్లి చూసి రావచ్చు. ఎంతమందికి ఎంత డబ్బు చేరిందో ఎండీఓ ఆఫీసే చెబుతుంది. రాకపోయి ఉంటే ఏమయ్యేదన్నది మాత్రం ఏ రిజిస్టర్లోనూ ఉండదు, ఎవరి కంటికీ కనిపించదు. దాన్ని నమ్మదగ్గ పద్ధతిలో అంచనా కట్టి, ఒప్పుకోనివాడు కూడా ఆలోచనలో పడేలా చూపించడమే మేం చేసే పని. మీరు నేర్చుకోబోయే లెక్కలు, ఇంగ్లీషు, కంప్యూటరు, ఊళ్లు తిరగడం అన్నీ దీనికోసమే.

మీ ఊరి పొదుపు సంఘాన్నే తీసుకోండి. సంఘంలో ఉన్న ఇళ్లనూ లేని ఇళ్లనూ పోల్చి చూస్తే, సంఘం ఇళ్లలో ఆడపిల్లలు ఎక్కువ చదువుతున్నారని తేలిందనుకోండి. అది సంఘం వల్లేనా? నెలనెలా పొదుపు కట్టగలిగిన ఆమె, మీటింగుకు పోతానంటే అడ్డుచెప్పని భర్త ఉన్న ఆమె సంఘంలో చేరింది. ఇంటికి తాళం వేసి బేల్దారి పనికి వెళ్లిపోయిన కుటుంబం చేరలేదు. పిల్లల చదువులో తేడా సంఘం పుట్టకముందు నుంచే ఉండి ఉండవచ్చు. ఈ ఒక్క చిక్కు అర్థం కాకుండానే మన విశ్వవిద్యాలయాల్లో సంఘాల మీద బోలెడు థీసిస్‌లు వచ్చాయి. వంద మందిని అడిగి, డెబ్బై మంది బాగుందన్నారని రాసి, పట్టా తీసుకున్నారు. మీరు ఆ దారిన పోకూడదనే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ఈ చిక్కును విప్పడానికి ఒక మార్గం లాటరీ: ఎవరికి ఇవ్వాలో చీటీ తీసి తేలిస్తే, వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ మొదట్లో పెద్ద తేడా ఉండదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరో ఇద్దరితో కలిసి హైదరాబాద్‌లో 104 బస్తీలను తీసుకున్నారు. లాటరీలో వచ్చిన సగం బస్తీల్లో పేదలకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ శాఖలు ముందు తెరిపించి, మిగతా సగంతో పోల్చారు. అప్పు దొరికిన బస్తీల్లో అప్పటికే ఉన్న చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి పెరిగింది. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. 2010 అక్టోబరులో మన రాష్ట్రం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్సు తెచ్చిన రోజులు గుర్తుచేసుకుంటే ఈ ఫలితం విలువ తెలుస్తుంది. ఈ అప్పులే పేదరికాన్ని తుడిచేస్తాయని ఒకరు, ఇవే జనాన్ని చంపేస్తున్నాయని ఇంకొకరు గొంతు చించుకుంటున్న సమయం అది. బస్తీల లెక్క ఇద్దరికీ నచ్చేది కాదు. మంచి పరిశోధన చాలాసార్లు అలాగే ఉంటుంది.

ఒక్కోసారి ఆ లాటరీని ప్రభుత్వమే తెలియకుండా వేసి పెడుతుంది. పంచాయతీల్లో ఆడవాళ్ల రిజర్వేషన్ వంతులవారీగా మారుతుంది కదా. రాఘవేంద్ర ఛటోపాధ్యాయ్, డఫ్లో కలిసి పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూం, రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాల్లో రిజర్వు అయిన పంచాయతీలనూ కానివాటినీ పోల్చి 2004లో అచ్చు వేశారు. స్త్రీలు నాయకత్వంలో ఉన్నచోట మంచినీళ్ల పనుల మీద ఎక్కువ ఖర్చు పెట్టారు, రెండు జిల్లాల్లోనూ. ఫ్లోరైడు నీళ్లు తాగి చిన్న వయసులోనే నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగారు కాబట్టి, ఆ ఫలితం చదివినప్పుడు మీకు తట్టే ప్రశ్నలు ఢిల్లీలో పెరిగిన విద్యార్థికి తట్టవు. మీరు వచ్చిన ఊరు మీకు లోటు కాదని చెప్పడానికే ఇది రాశాను.

ఇక నెల్లూరు విషయానికి వస్తాను. నాకు ఇష్టమైన ఉదాహరణ ఇది, కాస్త ఓపిగ్గా చదవండి.

1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడులకు వెళ్లి, వాచకంలో సారా వల్ల నాశనమైన సంసారం కథ చదివి, తమ ఊరి సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడు రాష్ట్రమంతా వినిపించింది. జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఇదంతా మీ పాఠాల్లో ఉంటుంది. ఉద్యమం గొప్పదని అందరం ఒప్పుకుంటాం. ఎకనామిక్స్ ప్రొఫెసర్ అడగాల్సింది వేరే: నిషేధం వల్ల ఇంటి ఖర్చులో ఏం మారింది? సారాకు పోయే డబ్బు బియ్యానికి, బడికి, అప్పు తీర్చడానికి పోయిందా? లేక ఇంకో తాగుడుకే పోయిందా?

తేదీలు చూడగానే తెలివైన విద్యార్థికి ఆశ పుడుతుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నెల్లూరులో నిషేధం ఉంది, పక్కనున్న ప్రకాశం, కడప, చిత్తూరుల్లో లేదు. ఆ ఆరు నెలలు రెండు పక్కలనూ పోలిస్తే చాలదా?

చాలదు. నిషేధం జీఓ రాకముందే చాలా ఊళ్లలో ఆడవాళ్లు దుకాణాలు మూయించేశారు. కాబట్టి 1993 మార్చిని నిషేధానికి ముందు కాలం అనడానికి లేదు. రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. నెల్లూరుకు నిషేధం లాటరీలో రాలేదు, అక్కడి ఆడవాళ్లు కూడబలుక్కుని తిరగబడ్డందుకు వచ్చింది. అంత పట్టుదల ఉన్న ఆడవాళ్లు నిషేధం లేకపోయినా ఏదో ఒకరకంగా ఇల్లు చక్కబెట్టుకునేవాళ్లేమో. మూడోది సరిహద్దు. అప్పట్లో కందుకూరు ప్రకాశం జిల్లాలో ఉంది. నెల్లూరు జిల్లాలోని కావలి వైపు తాగేవాడికి పొలిమేర దాటడం ఎంతసేపు? పైగా సారా పోరాటం వెన్నంటే జిల్లాలో రోజుకో రూపాయి దాచే పొదుపు ఉద్యమం ఊపందుకుంది. తర్వాత కనిపించిన మార్పులో నిషేధం వాటా ఎంత, పొదుపు వాటా ఎంత, అక్షరాస్యత వాటా ఎంత అన్నది విడదీయడం చాలా కష్టం.

సమాచారం మాటేంటి? కుటుంబాల ఖర్చుల మీద కేంద్రం చేసే జాతీయ నమూనా సర్వే 50వ రౌండు 1993 జులై నుంచి 1994 జూన్ దాకా జరిగింది. రాష్ట్రవ్యాప్త నిషేధం ఆ సర్వే జరుగుతుండగానే వచ్చింది. అదృష్టమే అనిపిస్తుంది. కానీ ఒక్క జిల్లాకు వచ్చే కుటుంబాలు తక్కువ, వాటిని మళ్లీ మూడు నెలల ముక్కలుగా విడగొడితే చేతిలో మిగిలేది కొంచెమే. పైగా తాగుడు ఖర్చు ఎంతని సర్వేవాళ్లు అడిగితే చెప్పేదెవరు? భర్త చెబితే తగ్గించి చెబుతాడు, భార్యకు పూర్తి లెక్క తెలియదు. అందుకే నేరుగా అడగకుండా దాని జాడలు వెతకాలి. సర్వేలోనే బియ్యం, పాలు, బట్టల ఖర్చు ఏ నెలలో ఎలా మారింది? ఎక్సైజు లెక్కల్లో ఏ జిల్లా ఆదాయం ఎప్పుడు పడిపోయింది? బడి రిజిస్టర్లలో మధ్యలో మానేసిన పిల్లలు తగ్గారా? ఒక్కొక్కటీ బలహీనమైన సాక్ష్యమే. అన్నీ ఒకే వైపు చూపిస్తే అప్పుడు గట్టిగా మాట్లాడవచ్చు. చూపించకపోతే ఆ మాటే రాయాలి.

ఇలా ఒక తేదీ పట్టుకుని, దానితో కుస్తీ పట్టి, ఎక్కడ లొంగుతుందో ఎక్కడ లొంగదో చూసుకోవడం మీకు హుషారుగా అనిపిస్తే ఈ వృత్తి మీది. విసుగనిపిస్తే గ్రూప్-2 మంచి ఉద్యోగం, నిష్ఠూరంగా అనడం లేదు. డిప్యూటీ తహసీల్దారుగా మీరు ఒక మండలానికి చేసే మేలు నా పేపర్లన్నీ కలిసినా చేయలేకపోవచ్చు.

ఎం.ఏ. ప్రాజెక్టుకు పనికొచ్చే సంగతి ఒకటి చెబుతాను. ఉపాధి హామీ దేశమంతా ఒకేసారి రాలేదు. 2006 ఫిబ్రవరిలో 200 జిల్లాల్లో మొదలైంది, 2007 ఏప్రిల్, మే నెలల్లో మరో 130 జిల్లాలు చేరాయి, 2008 ఏప్రిల్‌లో మిగతావి. కడప, చిత్తూరు, అనంతపురం మొదటి విడతలో ఉన్నాయి. నెల్లూరు, ప్రకాశం రెండో విడత. కృష్ణా, పశ్చిమ గోదావరి మూడో విడత. విడతల మధ్య ఉన్న ఈ ఎడం మీద ప్రపంచంలో ఎందరో పేపర్లు రాశారు. వెనకబడిన జిల్లాలకు ముందు ఇచ్చారు కాబట్టి జిల్లాకు జిల్లా పోలిస్తే పొరపాటు అవుతుంది. అదే, వెలిగొండలకు అటు పోరుమామిళ్ల, ఇటు సీతారామపురం తీసుకోండి. మధ్యలో జిల్లా గీత ఒకటి ఉంది, ఏడాదికి పైగా ఒక వైపు కూలికి ఉపాధి పని దొరికింది, రెండో వైపు దొరకలేదు. వాన, నేల, పంట రెండు వైపులా ఎంతవరకు ఒకేలా ఉన్నాయో ముందు చూడాలి. ఆ ఏడాదిలో వ్యవసాయ కూలి రేటు ఎటు పోయిందో, వలసలు ఏమయ్యాయో తర్వాత చూడాలి. మీ ఇంట్లోనే బేల్దారి పనికి వెళ్లిన మనిషి ఉన్నారు. ఆయన ఏ ఏడాది వెళ్లారో, ఏ ఏడాది ఊళ్లో ఉండిపోయారో, ఎందుకో అడిగి మొదలుపెట్టండి. అది రుజువు కాదు గానీ, ఏం వెతకాలో చెబుతుంది.

ఉపాధి కూలి, పింఛన్ల చెల్లింపు స్మార్ట్‌కార్డుల ద్వారా ఇచ్చినప్పుడు కూడా ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది జిల్లాల మండలాలకు లాటరీ వేసి అధ్యయనం చేశారు. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు చేసిన ఆ పనిలో నెల్లూరు, కడప కూడా ఉన్నాయి. కూలి డబ్బు త్వరగా అందిందని, మధ్యలో మాయమయ్యే సొమ్ము తగ్గిందని తేలింది. నెల్లూరులో ఉండి ఎకనామిక్స్ చదువుతూ ఆ పేపరు చదవకపోవడం అన్యాయం. ఈ వారమే చదవండి.

ఫీల్డు గురించి పుస్తకాల్లో తక్కువ ఉంటుంది కాబట్టి నేను కొంచెం ఎక్కువ చెబుతాను.

సర్వే ఎక్కడ కూర్చుని చేస్తారో జవాబులు కూడా దాన్నిబట్టే వస్తాయి. సర్పంచి అరుగు మీద కూర్చుని కూలీలను పిలిపిస్తే అందరికీ అన్ని పథకాలూ అందుతున్నట్టే తేలుతుంది. పొద్దున పది గంటలకు ఊళ్లోకి దిగితే ముసలివాళ్లు తప్ప ఎవరూ దొరకరు. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లు నడిచే రోజుల్లో అయితే పనికి వెళ్లినవాళ్లు ఎప్పుడు తిరిగొస్తారో చెప్పలేం. ఏ ఊరికి వెళ్లినా ముందు మీరెవరి తాలూకు అని ఆరా తీస్తారు, అంటే మీ కులం తెలుసుకుంటారు. తెలుసుకున్నాక చెప్పే మాట మారుతుంది. దాన్ని ఆపలేం. కనీసం ఎవరు అడిగితే ఎవరు ఏం చెప్పారో రాసి పెట్టుకుంటే, తర్వాత లెక్కలో ఆ తేడా చూడొచ్చు.

తాళం వేసిన ఇల్లు అసలైన తలనొప్పి. నమూనాలో వచ్చిన ఇంటికి తాళం ఉందని పక్కింటికి వెళ్లిపోతారు సర్వే కుర్రాళ్లు. పశ్చిమ ప్రకాశంలో ఆ తాళమే మనకు కావాల్సిన సమాచారం. వలస మీద పరిశోధన చేస్తూ వలస వెళ్లినవాళ్లనే వదిలేసిన అధ్యయనాలు ఎన్నో ఉన్నాయి.

జాబితాలోనే లేనివాళ్ల సంగతి ఇంకా కష్టం. నెల్లూరు జిల్లాలో యానాది గిరిజనుల జనాభా ఎక్కువ. రొయ్యల గుంటల గట్ల మీద కాపలా గుడిసెల్లో ఉండే యానాది కుటుంబం ఓటరు జాబితాలో ఒక ఊళ్లో ఉంటుంది, బతికేది ఇంకో ఊళ్లో. కొందరికి ఆధార్ లేక రేషన్ కార్డు లేదు, రేషన్ కార్డు లేక మిగతా పథకాలేవీ లేవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లాకు సగటున తీసుకునేది తొమ్మిది వందల కుటుంబాలు. అందులో యానాదులు ఎంతమంది పడతారు? పథకం ఎవరికోసం పెట్టారో వాళ్లే లెక్కలో లేకపోతే సగటు ఎంత బాగున్నా ఏం ప్రయోజనం? ఇలాంటివాళ్ల కోసం మనమే గుంట గుంటకూ తిరిగి జాబితా రాసుకోవాలి. ఖర్చు, సమయం రెండూ ఎక్కువే. పెద్ద విశ్వవిద్యాలయాల వాళ్లు చేయలేని పని ఇది, మీరు చేయగలరు.

ప్రశ్న అడిగే తీరు కూడా పేదల సంఖ్యను మార్చేస్తుంది. 1999-2000 జాతీయ నమూనా సర్వేలో తిండి ఖర్చును వారం రోజులకూ నెల రోజులకూ పక్కపక్కనే అడిగారు. దాంతో ఆ అంకెలను పాతవాటితో పోల్చడానికి వీల్లేకుండా పోయింది. పేదరికం నిజంగా ఎంత తగ్గిందని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఆంగస్ డీటన్ లాంటివాళ్లు ఆ అంకెలను సరిచేసే పద్ధతుల మీద పనిచేశారు. కోట్లమంది పేదలుగా ఉన్నారా లేదా అన్న తగాదా చివరికి సర్వే ప్రశ్నావళిలో ఒక గడి దగ్గర తేలింది.

ఇప్పుడు మీ టెన్షన్ల విషయం. లెక్కలు. మీకు కావాల్సింది ఇంజినీరింగ్ స్థాయి లెక్కలు కాదు. సంభావ్యత, స్టాటిస్టిక్స్, రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకొకటి ఎంత మారుతుందో అంచనా కట్టే లెక్క) బాగా రావాలి. వాటికోసం ఇంటర్ స్థాయి కలన గణితం, మాత్రికలు మళ్లీ చదువుకోవాలి. ఎం.ఏ. రెండేళ్లలో రోజూ గంట కేటాయిస్తే సరిపోతుంది. ఈ లెక్కలు వేసే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అదొకటి నేర్చుకోండి. స్టాటా వాడేవాళ్లు ఎక్కువే గానీ దాన్ని కొనాలి. రిగ్రెషన్ సూత్రాన్ని బట్టీ పట్టి అధ్యాపకుల అర్హత పరీక్ష నెట్ పాసైనవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పట్టికలో అంకె అర్థమేంటని అడిగితే నీళ్లు నములుతారు.

ఇంగ్లీషు నిజంగానే అడ్డు, ఊరికే ధైర్యం చెప్పను. చదవడం ఆరు నెలల్లో వస్తుంది, రాయడానికి ఏళ్లు పడుతుంది. వారానికి ఒక పేపరు చదివి, అందులో ప్రశ్న ఏంటి, ఎవరిని ఎవరితో పోల్చారు, నేనెందుకు నమ్మాలి అని అరపేజీ ఇంగ్లీషులో రాయండి. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీతో మొదలుపెట్టండి, అందులో భారతదేశం విషయాలే ఉంటాయి, భాష మరీ గట్టిగా ఉండదు. ఆ అరపేజీలనే తెలుగులో మీ అమ్మగారికి అర్థమయ్యేలా చెప్పగలుగుతున్నారో లేదో కూడా చూసుకోండి.

దారి, డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను, ఇవన్నీ నోటిఫికేషన్లలో దొరికేవే. నెట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. అందులో పరిశోధన భృతి జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. దీనికి వయసు పరిమితి 30 ఏళ్లు, ఆడపిల్లలకు ఐదేళ్ల సడలింపు ఉంది. పీహెచ్‌డీకి ఐదారేళ్లు వేసుకోండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) స్కేలులో 57,700తో మొదలవుతుంది, ప్రొఫెసర్‌ది 1,44,200తో. ప్రొఫెసర్ అయ్యేసరికి నలభై దాటుతుంది, నలభై ఐదైనా ఆశ్చర్యం లేదు.

అసలు ఇబ్బంది జీతం కాదు, పోస్టులు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. నోటిఫికేషన్ వస్తుంది, కోర్టుకెళ్తుంది, ప్రభుత్వం మారుతుంది. పీహెచ్‌డీ చేతిలో పట్టుకుని గెస్ట్ ఫ్యాకల్టీగా, అకడమిక్ కన్సల్టెంటుగా గంటల లెక్కన జీతం తీసుకుంటూ నలభై ఏళ్లకు చేరినవాళ్లు నాకు తెలుసు. అందుకే ఒక్క విశ్వవిద్యాలయాన్ని నమ్ముకోకండి. ఏపీపీఎస్సీ వేసే డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టు, కేంద్ర విశ్వవిద్యాలయాలు, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు అన్నీ లెక్కలో ఉంచుకోండి. ఇంట్లోవాళ్లు గ్రూప్-2 అంటే, దానికి బదులు డిగ్రీ లెక్చరర్ పరీక్షకు చదువుతానని చెప్పండి. ప్రభుత్వ ఉద్యోగమే కాబట్టి వాళ్లూ ఒప్పుకుంటారు, మీ చదువూ పక్కదారి పట్టదు. గ్రూప్స్, నెట్ రెండూ ఒకేసారి చదువుతానని మాత్రం అనకండి. అలా అన్నవాళ్లలో ఎక్కువమందికి రెండూ రాలేదు.

ఎక్కడ చేయాలంటే, నెల్లూరు నుంచి రైలెక్కితే మూడు గంటల లోపే మద్రాసు. అక్కడ 1971లో మాల్కం ఆదిశేషయ్య స్థాపించిన మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఉంది. అదే ఏడాది తిరువనంతపురంలో కె.ఎన్. రాజ్ మొదలుపెట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఉంది. హైదరాబాద్‌లో సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్), సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. ముంబైలో రిజర్వు బ్యాంకు స్థాపించిన ఇందిరా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కు లెక్కలు గట్టిగా కావాలి. ఎం.ఏ. అయ్యాక వెంటనే పీహెచ్‌డీలో చేరకుండా ఒకటి రెండేళ్లు ఏదైనా పరిశోధన ప్రాజెక్టులో రీసెర్చ్ అసోసియేట్‌గా చేయమని నా సలహా. తెలుగు ఊళ్లలో సర్వేలు నడిపేవాళ్లకు భాష వచ్చిన మనిషి కావాలి, మీకేమో పని నేర్పేవాళ్లు కావాలి. విదేశాల్లో స్కాలర్‌షిప్‌తో పీహెచ్‌డీ చేయాలన్నా ఆ అనుభవం, అక్కడివాళ్లు రాసిచ్చే సిఫారసు ఉత్తరం పనికొస్తాయి.

ఉద్యోగం వచ్చాక రోజు ఎలా గడుస్తుందో చెప్పమన్నారు. యూజీసీ లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి, ప్రొఫెసర్ 14 గంటలు. దానికి పరీక్షల డ్యూటీలు, పేపర్లు దిద్దడం, కాలేజీల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే న్యాక్ సంస్థ కోసం ఫైళ్లు కలిపితే పరిశోధనకు మిగిలేది రాత్రుళ్లు, ఆదివారాలు, వేసవి సెలవులు. న్యాక్ బృందం వస్తుందంటే రెండు నెలలు పరిశోధన అటకెక్కుతుంది. ప్రమోషన్‌కు పేపర్ల సంఖ్య కావాలి కాబట్టి, డబ్బు కడితే వారంలో అచ్చు వేసే పత్రికలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. వాటిలో ఒక్కటి కూడా వేయకండి. మీ పేరు పక్కన అది ఎప్పటికీ ఉండిపోతుంది.

సోషల్ పాలసీ మీద పనిచేసేవాళ్లకు ఇంకో తలపోటు కూడా ఉంది. ప్రభుత్వ శాఖలు పథకాల ప్రభావ అధ్యయనం చేయమని డబ్బిస్తాయి. కొన్నిసార్లు నివేదికలో ఏం రావాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఒక శాఖ అధికారి నాతో, సర్వే మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండి, సారాంశం మాత్రం మేం ఇచ్చింది పెట్టండి అన్నాడు. ఆ ప్రాజెక్టు నేను తీసుకోలేదు, తర్వాత ఆ శాఖ మళ్లీ నన్ను పిలవలేదు. ఇది మన దగ్గరే జరిగేది కాదు. 2017-18 వినియోగ వ్యయ సర్వే ఫలితాలనే కేంద్రం నాణ్యత బాగాలేదంటూ విడుదల చేయలేదు. 2011-12 తర్వాత 2022-23 సర్వే వచ్చేదాకా పేదరికం మీద పరిశోధకులందరూ పాత అంకెలతోనే కాలం గడిపారు. కాబట్టి ప్రాజెక్టు ఒప్పుకునేముందు రెండు షరతులు రాతపూర్వకంగా పెట్టుకోండి: ఫలితం ఏదైనా అచ్చు వేసుకునే హక్కు మీకుండాలి, పేర్లు తీసేసిన సమాచారాన్ని మిగతా పరిశోధకులకు ఇచ్చే హక్కు కూడా ఉండాలి. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ డబ్బు వదులుకోండి. కొత్తలో కష్టమే. అందుకే ఖర్చులేని ప్రజా సమాచారంతో పని చేయడం ముందే నేర్చుకోమంటున్నాను.

గైడును ఎంచుకునేటప్పుడు ఆయన పేరు, పదవి చూడకండి. ఆయన దగ్గర చేరినవాళ్లలో ఎంతమంది పూర్తిచేశారు, ఎన్నేళ్లకు, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు, వాళ్ల పేపర్ల మీద ఎవరి పేరు ముందుంది అని పాత విద్యార్థులను అడగండి. ఆడపిల్లలు ఆయన దగ్గర చదువు మధ్యలో మానేశారా అన్నది కూడా అడగండి, మొహమాటపడొద్దు.

ప్రస్తుతానికి చేయాల్సింది ఒకటుంది. కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే 2022-23 వినియోగ వ్యయ సర్వే కుటుంబాలవారీ సమాచారం ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఆర్‌లో తెరిచి, మన రాష్ట్రం గ్రామీణ కుటుంబాలను విడగొట్టి, తిండికి ఎంత పోతోందో, వైద్యానికి ఎంత పోతోందో ఒక పట్టిక వేయండి. ఆ పని చేసేటప్పుడు వెయిట్లు (ఒక్కో నమూనా కుటుంబం ఎన్ని కుటుంబాలకు ప్రతినిధో చెప్పే అంకెలు) వాడటం మరిచిపోవద్దు, కొత్తవాళ్లందరూ అక్కడే బోల్తాపడతారు. సీతారామపురం, పోరుమామిళ్ల ఆలోచన మీద రెండు పేజీలు రాయండి, ఇంగ్లీషు ఎలా ఉన్నా ఫర్వాలేదు. రెండూ ఇక్కడే పెట్టండి, నేను చూసి చెబుతాను. పట్టికను ఫొటో తీసి పెట్టకుండా, ఎక్సెల్ ఫైలు, మీరు రాసిన ఆర్ కోడ్ జతచేస్తే లెక్క ఎక్కడ తేడా కొట్టిందో నాకు కనిపిస్తుంది.